చెమట పట్టిన కంప్యూటర్

ఫ్రిజ్ మెకానిక్ కోడలు పుట్టింటి మీద ప్రేమతో మామగారి కంప్యూటర్‌ని చేతులారా చంపేసిందని వీధంతా చెప్పుకుంటున్నారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఈ పొగ వెనక ఉన్నది నిప్పు కాదు, నీళ్ళు.

ఆ మెకానిక్‌కి యాభై నాలుగేళ్ళు. ఏ ఫ్రిజ్‌నైనా వెనక్కి తిప్పి, చెవి ఆనించి, జబ్బేమిటో చెప్పేస్తాడు. పనికి పిలిస్తే ముందు మంచినీళ్ళు అడుగుతాడు, అదీ ఆ ఇంటి ఫ్రిజ్‌లోవే. చల్లదనం ఎంతో నాలుకతోనే కొలుస్తాడు.

వియ్యంకుడు రిటైరైన లెక్కల మాస్టారు. పిల్లల పెళ్ళి కుదిరిన రోజునే వీళ్ళిద్దరికీ కంప్యూటర్ పందెం కూడా కుదిరింది. ఏటా కంప్యూటర్ల బజారు మేడమీది హాల్లో పోటీ పెడతారు. అందరికీ ఒకటే పెద్ద లెక్క, ముందు తేల్చిన కంప్యూటర్‌కే కప్పు. ఇంట్లో తయారుచేసుకున్న కంప్యూటర్‌ని, కంపెనీ చెప్పిన వేగం దాటించి పరుగెత్తించాలి. పరుగు పెరిగితే లోపలి చిప్ పెనంలా కాలుతుంది. మాస్టారు గొట్టాల్లో నీళ్ళు తిప్పి దాన్ని చల్లారుస్తాడు. మెకానిక్ ఏకంగా పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే తగిలించాడు. చలి సంగతి ఆయనది, కీబోర్డు మీద వేగం అంకెలు పెంచే పని కోడలిది. అయినా వరసగా రెండేళ్ళు మాస్టారే గెలిచాడు.

“బావగారూ, మీ కంప్యూటర్‌లో కూరగాయలు కూడా పెట్టుకోవచ్చా?” అనేవాడు మాస్టారు.

“మహారాజులా. మీరు ఆ నీళ్ళ గొట్టాల్లో చేపలు పెంచండి, కలిపి వండుకుందాం.”

“నాన్నా, ముందు మీ గొట్టం కారకుండా చూసుకోండి,” అని కోడలు మామగారి పక్కనే నిలబడేది.

ఈ ఏడు పోటీ రోజు పొద్దున్నే, కంప్యూటర్‌ని వ్యాన్‌లోకి ఎక్కించి బయల్దేరుతున్న మెకానిక్‌ని వీధి చివరింటి పెద్దమ్మ ఆపింది.

“అబ్బాయ్, మా ఫ్రిజ్ వంటింట్లో వాన కురిపిస్తోంది.”

“సాయంత్రం వస్తాను పెద్దమ్మా. ఇవాళ పోటీ.”

“సాయంత్రానికి నేను పడవ కొనుక్కోవాలి.”

ఆయన నవ్వుతూ లోపలికొచ్చాడు. చల్లటి గొట్టానికి తడిగాలి తగిలితే చెమట పట్టినట్టు నీళ్ళు కమ్ముతాయి. అందుకే నల్ల ఫోమ్ చుట్టి ఉంచుతారు. పెద్దమ్మ ఫ్రిజ్‌ది చివికిపోయింది. మెకానిక్ సంచీ అంతా దులిపినా ఫోమ్ దొరకలేదు. వ్యాన్ దాకా వెళ్ళి ఒక ముక్క తెచ్చి చుట్టేసి, గబగబా వెళ్ళిపోయాడు. అది ఎక్కడిదని పెద్దమ్మ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అడక్కుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

హాల్లో రెండొందల మంది కిక్కిరిసి ఉన్నారు. మెకానిక్ కంప్యూటర్ మాస్టారి దాన్ని దాటేసింది. ఇంకో అర నిమిషంలో లెక్క తేలుతుందనగా తెర నల్లబడింది. సరిగ్గా అప్పుడే కోడలి చెయ్యి కీబోర్డు మీద ఉంది. చూసినవాళ్ళకి అది చాలు.

మాట కొట్టు దగ్గర పుట్టి, నాలుగు గుమ్మాలు తిరిగి కోడలి చెవిన పడింది. ఆ పిల్ల దిగమింగుకుంది. కంప్యూటర్ గది తలుపు తీయడం మానేసింది. మాస్టారు గెలిచిన కప్పుని బీరువాలో దాచేశాడు. ఆ మాట చెవిన పడని మెకానిక్, కోడలు తన మీదే అలిగిందనుకుని తలొంచుకు తిరిగాడు. మామగారూ నన్నే అనుమానిస్తున్నారని ఆ పిల్ల కుమిలిపోయింది. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

పెద్దమ్మ వారం ఓపిక పట్టింది. ఆవిడకి అది ఏడాదితో సమానం. ఎనిమిదో రోజు తిన్నగా వాళ్ళింటికి వెళ్ళి మెకానిక్ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“నాకు డొంకతిరుగుడు చేతకాదు అబ్బాయ్. నాన్న గెలవాలని నీ కోడలే కంప్యూటర్ ఆపేసిందంటున్నారు. అవునా?”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. వంటింటి దాకా వినపడేలా చెప్పాడు.

“కాదు పెద్దమ్మా. చిప్ వెనకాల ఫోమ్ పీకింది నేను. కంప్యూటర్ గదిలో నేనూ కోడలూ ఇద్దరమే ఉంటాం, తడి పట్టదు, ఆ కాసేపూ ఆగుతుందిలే అనుకున్నా. హాల్లో అంతమంది ఊపిరి ఉంటుందని తట్టలేదు, తడి కమ్మేసి కంప్యూటర్ ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఊరందరి గొట్టాలకీ చుట్టినవాణ్ణి, నాదానికే బోడిగా వదిలేశానని ఆ పిల్లకి ఏ మొహంతో చెప్పను? అది సరే గానీ, మీ ఫ్రిజ్ ఇంకా కారుతోందా?”