శనివారం ఆగే బండి

బండికి వారాలు తెలుస్తాయా అని అడిగితే చాలాకాలం నా దగ్గర జవాబు లేదు. మా బాపు బండికి తెలిసేది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా బుద్ధిగా నడిచేది. శనివారం పొద్దున మాత్రం మా ఊరికీ దేవరకొండకూ నడుమ, సీతాఫలం గుట్ట దిగగానే వచ్చే కల్వర్టు దగ్గర ఆగిపోయేది. పావుగంట అక్కడ నిలబడితే మళ్ళీ ఒక్క కిక్కుకే లేచేది. బాపు ఆఖరుసారి తనంతట తాను కూర్చున్నది ఆ కల్వర్టు గోడ మీదే. ఆ రోజూ శనివారమే.

అది కార్బురేటర్ కాలం నాటి వంద సీసీ బండి. ఇప్పటి బండ్లు ఆగితే వైరు గుచ్చి కంప్యూటర్‌లో చూస్తారు. దీనికి అంత ముచ్చట లేదు. ట్యాంకులో పోసిన పెట్రోలు తన బరువుకు తానే పైపులోంచి దిగి, కింద కార్బురేటర్ గిన్నెలో పడుతుంది. ఇంజను ఆ గిన్నెలోంచి తాగుతుంది. తెలంగాణ వచ్చాక కూడా దాని నంబరు ప్లేటు మీద ఏపీ అనే ఉండేది. మార్పించమంటే, "రాస్తేనే తెలుస్తదారా ఏ రాష్ట్రంల నడుస్తున్నమో" అనేవాడు బాపు.

ఆయన పద్ధతులు ఆయనవి. ఏనాడూ రెండు లీటర్లకు మించి పెట్రోలు పోయించలేదు. పిసినారితనం అనుకునేవాణ్ణి. శనివారం శనివారం పొద్దున్నే బండి ముందు గొంతుకూర్చుని, పాత బనీను గుడ్డతో ట్యాంకు, మూత, హ్యాండిలు, అన్నీ నింపాదిగా తుడిచేవాడు. "పెండ్లికొడుకును చేస్తున్నవా బాపూ?" అని నేను ఎగతాళి చేస్తే, తల ఎత్తకుండా నవ్వేవాడు.

బండికి పూజ మాత్రం అమ్మది. ఒకసారి బాపు మల్లేపల్లి దారిలో జారిపడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి అమ్మ ప్రతి శుక్రవారం దీపాల వేళ గడపకు పెట్టినట్టే బండికీ పసుపు, కుంకుమ పెట్టేది. ఎక్కడంటే అక్కడ కాదు, పెట్రోలు ట్యాంకు మూత మీద. రెండు చుక్కలు నూనె వేసి కలిపిన పసుపు, నడిమధ్యన మెత్తేది. "అది తినేది గిక్కడి నుంచే గదా? మొఖానికే పెట్టాలె బొట్టు" అనేది. ఆమె లెక్క ఆమెది. మాలో ఎవరమూ కాదనలేదు.

తెలంగాణ వచ్చి రెండేళ్ళో మూడేళ్ళో అయింది, ఎండలు ముదురుతున్న రోజులు. బాపుకు జ్వరం తగిలి పదిహేను రోజులు మంచం దిగలేదు. బండి నా చేతికొచ్చింది. ఆ శనివారం పొద్దున ఛాతీలో మంటగా ఉందన్నాడు. "సోడా తాగితే పోతది" అన్నాడు. అమ్మ వినలేదు. ఆటో కోసం చూద్దామంటే బాపే వద్దన్నాడు, బండి మీద జల్ది పోతామని. మా ఊరి మలుపులో అప్పుడే కొత్తగా పెట్టిన బంకులో ఆపి, ఎందుకైనా మంచిదని మూతి దాకా పోయించాను.

గుట్ట దిగుతుండగా ఇంజను గొంతు సన్నబడింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బాపు దిగి వెళ్ళి కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. నేను కిక్కు కొట్టాను. చోక్ లాగి కొట్టాను. పెట్రోలు నాబ్ రిజర్వుకు తిప్పి కొట్టాను. ప్లగ్గు విప్పి అంగీ అంచుతో తుడిచి బిగించి మళ్ళీ కొట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భయం వేస్తే నాకు వచ్చేదీ కోపమే.

"మూత తీసి సూడు రా" అన్నాడు బాపు వెనక నుంచి.

"ఏం సూడాలె? ఇప్పుడే గదా నిండ పోయించిన! నువ్వు సప్పుడు చేయకుండ కూసో బాపూ" అన్నాను.

నేను కొడుతూనే ఉన్నాను. దారిన పోయే బండి ఒక్కటీ రాలేదు. కొంతసేపటికి మళ్ళీ ఆయన గొంతే, ఈసారి మెల్లగా: "కొట్టింది సాలు. జర ఇటొచ్చి కూసో."

"ఆగు బాపూ" అన్నాను, వెనక్కి తిరగకుండానే.

పావుగంటకో ఇరవై నిమిషాలకో దానంతట అదే లేచింది బండి. బాపును ఎక్కించుకున్నాను. దేవరకొండ దవాఖాన మెట్ల దగ్గర ఆయన బరువంతా నా వీపు మీద ఉంది. లోపలికి తీసుకెళ్ళిన డాక్టరు కాసేపటికి బయటికి వచ్చి, "ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే" అన్నాడు. ఆ మాట ఆయన రోజుకు ఎంతమందితో అంటాడో. నేను మాత్రం అది ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ తరువాత దేవరకొండలో ఎరువుల దుకాణంలో పనికి కుదిరాను. రోజూ అదే బండి, అదే దారి. భయంతో రోజూ పొద్దున మూతి దాకా పోయించేవాణ్ణి. అయినా శనివారం వస్తే కల్వర్టు దగ్గర ఆగేది. మొదటిసారి యాదృచ్ఛికం అనుకున్నాను. మూడో శనివారం ఆగినప్పుడు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అక్కడ మేకలు కాసే ముసలాయన ఒకరు చూసి చూసి, "మీ నాయిననే ఆపుతుండు కొడకా. ఏదో సెప్పేది మిగిలింది పెద్దమనిషికి" అన్నాడు. ఊళ్ళో అదే మాట పాకింది. అమ్మ చెవికీ చేరింది. ఆమె భయపడలేదు. "ఆగనియ్యి. పావుగంట కూసుంటడు, ఏమైతది?" అంది. ఆ తరువాత శనివారం రాత్రి అన్నం పెడుతూ, "ఇయ్యాల గూడ ఆపిండా?" అని అడిగేది. ఆపాడని చెబితే ఇంకో ముద్ద ఎక్కువ తినేది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. లేదని అందరితో గట్టిగా అనేవాణ్ణి. కానీ అక్కడ బండి ఆగిన పావుగంటలో కల్వర్టు గోడ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఎవరో కూర్చుని నా వీపు వైపు చూస్తున్నట్టే ఉండేది. తిరిగితే ఉంటాడేమోనని భయం. తిరిగి చూస్తే ఎవరూ లేకపోతే అది ఇంకా పెద్ద భయం. అందుకే కిక్కు కొడుతూ ఉండేవాణ్ణి, లేవదని తెలిసి కూడా.

రిపేరుకు తిప్పని చోటు లేదు. నల్లగొండ దాకా తీసుకెళ్ళాను. ఒకాయన కార్బురేటర్ విప్పి, జెట్టు ఊది, గిన్నె కడిగాడు. ఇంకొకాయన పెట్రోలు పైపు, ఫిల్టరు మార్చాడు. మూడో ఆయన కొత్త ప్లగ్గు వేశాడు. అందరూ మొదట చేసే పని ఒకటే: మూత తీసి పెట్రోలు ఉందా అని తొంగి చూడడం. ఆ తరువాత కిక్కు కొడితే లేచేది. దవాఖాన మెట్లెక్కగానే తగ్గిపోయే పంటి నొప్పి ఉంటుందే, అట్లా.

చివరికి దేవరకొండలోనే, బస్టాండు వెనక సందులో పాత బండ్లు బాగుచేసే ఒక సాయిబు దగ్గరికి వెళ్ళాను. అందరం చాచా అనేవాళ్ళం. శనివారం సంగతి, కల్వర్టు సంగతి, బాపు సంగతి, అన్నీ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"దయ్యమైతే నా దగ్గర పానా లేదు బేటా. పెట్రోల్ అయితే ఉంది" అన్నాడు. "శనివారం నేనే వస్త. నీ వెనక స్కూటర్ మీద. ఆగినంక నువ్వు దేన్నీ ముట్టకు."

అన్నట్టే వచ్చాడు. నేను నిండా పోయించుకుని బయలుదేరాను. గుట్ట దిగగానే ఇంజను గొంతు సన్నబడింది, ఆగింది. చాచా స్కూటరు నిలిపి, బండి పక్కన కూర్చుని, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీశాడు. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. నాబ్ తెరిచే ఉంది. పైపులోంచి మాత్రం ఒక చుక్క, కొంచెం ఆగి ఇంకో చుక్క. తరువాత అదీ లేదు.

"ఇప్పుడు మూత తియ్" అన్నాడు.

తాళంచెవి తిప్పి మూత ఎత్తాను. హుస్సుమని లోపలికి గాలి పోయింది. బాపు పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటూ వదిలే నిట్టూర్పు అచ్చం అంతే ఉండేది. కింద పైపులోంచి పెట్రోలు ధారగా కారుతోంది.

"నూనె డబ్బాకు రెండు బొక్కలు ఎందుకు కొడ్తరు? ఒకటి నూనె వచ్చేటందుకు, ఒకటి గాలి పోయేటందుకు. గాలి పోకుంటే నూనె రాదు" అంటూ మూత అందుకున్నాడు చాచా. "దీనికి గూడ సూది మొనంత బొక్క ఉంటది. నిండ పోస్తివంటే లోపల గాలికి జాగ లేక ఇంక జల్ది పట్టేస్తది. పావుగంట ఆగితే సందులల్లకెళ్ళి జర గాలి పోయి మళ్ళ లేస్తది." మూత నడిమధ్యన గోటితో గీకాడు. గోరు పచ్చగా అయింది. ఆయన నా మొహం చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మనా?"

"ఊ."

"శుక్రవారమా?"

"సందెకు పెడ్తది. ఆదివారం పొద్దుగాలకల్ల ఎండి పగుల్తది."

బొక్క తీయడానికి ఏదైనా సన్నటిది ఇమ్మన్నాడు. బండి పక్క డబ్బాలోని పానాల సంచీ తీసి వెతికాను. అడుగున, బాపు బనీను గుడ్డ ముక్కకు గుచ్చిన పిన్నీసు ఒకటి దొరికింది. దాని మొన పచ్చగా ఉంది. ఆ పసుపు నిన్న మొన్నటిది కాదు.

అప్పుడు అర్థమైంది నాకు, శనివారం పొద్దుటి ఆ తుడుపు ఏమిటో, రెండు లీటర్లే ఎందుకు పోయించేవాడో. అమ్మను పెట్టొద్దనడం కన్నా వారం వారం పిన్నీసు పట్టడమే ఆయనకు తేలిక అనిపించినట్టుంది. మంచాన పడ్డ ఆ పదిహేను రోజులు మాత్రం మూత తుడిచేవాళ్ళు లేరు.

నిజం చెప్పాలంటే మొదట నాకు ప్రాణం తేలికపడింది. తప్పు నాది కాదు. ఆ వెంటనే అమ్మ మీద ఒళ్ళు మండింది. పొలిమేర దాకా ఆ మంటతోనే వచ్చాను, ఇవాళ చెప్పేస్తాను అనుకుంటూ. అక్కడ బాపు మాట గుర్తొచ్చింది: "మూత తీసి సూడు రా." చెప్పాడు కదా. చెప్పిన మనిషిని సప్పుడు చేయకుండా కూర్చోమన్నది నేను.

అమ్మ గడప దగ్గరే ఉంది. "ఏమన్నడు సాయిబు?" అంది. ఆమె వేళ్ళ సందుల్లో నిన్నటి పసుపు ఇంకా ఉంది.

"కార్బురేటర్ల చెత్త పడ్డదంట. తీసిండు" అన్నాను.

ఆ తరువాత ప్రతి శనివారం పొద్దున నేనే గొంతుకూర్చుని మూత తుడుస్తున్నాను. బండి ఆగడం లేదు. ఒక శనివారం రాత్రి అమ్మ అడిగింది. "ఆపిండా?"

"లేదు."

ఇంకో వారం అడిగింది. లేదన్నాను. మూడో వారం, "ఒక్కసారి గూడ ఆపలేదా?" అని అడిగి, కంచం పక్కకు జరిపి చేయి కడుక్కుంది. నిజంగా బాపు మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది ఆ రాత్రే అనిపించింది నాకు. పంపింది నేనూ, ఒక పిన్నీసూ.

సంవత్సరీకం దగ్గరపడింది. సామాను కొనడానికి దేవరకొండకు తానూ వస్తానంది అమ్మ. పెట్రోలు నాబ్ కట్టేసినా, గిన్నెలో మిగిలిన దానితో బండి ఇంకొంత దూరం పోతుంది. ఎంత దూరమో చూసుకోవడానికి రెండు రోజుల ముందు ఒక్కణ్ణే వెళ్ళాను. మొదటిసారి కల్వర్టు దాటి చాలా దూరం పోయింది. రెండోసారి గుట్ట ఎక్కకముందే ఆగింది. మూడోసారి గుట్ట మీది కిలోమీటరు రాయి దగ్గర కట్టేశాను. సరిగ్గా కల్వర్టు దగ్గర ఆగింది.

శనివారం పొద్దున అమ్మ వెనక కూర్చుంది. కిలోమీటరు రాయి రాగానే మోకాలి పక్క నుంచి చేయి దించి నాబ్ తిప్పాను. గుట్ట దిగాం. ఇంజను గొంతు సన్నబడింది. రెండుసార్లు దగ్గింది. ఆగింది.

"ఆపిండు" అంది అమ్మ. నా భుజం మీద ఆమె చేయి బిగుసుకుంది.

ఆమె దిగి కల్వర్టు వైపు నడిచింది. నేను అలవాటు కొద్దీ కిక్కు మీద కాలు పెట్టాను.

"కొట్టకు బిడ్డా" అంది వెనక నుంచి. "జర ఇటొచ్చి కూసో."

బాపు ఆ రోజు అన్న ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. స్టాండు వేశాను. వెనక్కి తిరిగాను. అమ్మ గోడ మీద ఒక పక్కకు జరిగి, తన పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఆ జాగాకు ఇవతల కూర్చున్నాను.