సమ్మయ్య తెచ్చిన అడవి గడ్డలు

1982 వానకాలం. హన్మకొండలో ఒక కాలేజీ లైబ్రరీ. అడవుల గురించిన పాత రిపోర్టులో "ఈ గడ్డలు రాత్రంతా పారే నీటిలో ఉంచకపోతే విషం" అన్న వాక్యం చదవగానే కుర్చీలోంచి లేచాను. ఆ గడ్డలే అప్పుడు మా ఇంట్లో పొయ్యి మీద ఉన్నాయి.

నేను రిఫరెన్స్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. అంటే బయటికి ఇవ్వని పుస్తకాలుండే గది. సమ్మయ్య ఏటూరునాగారం అడవుల్లో తిండి మీద రిసెర్చ్ చేస్తున్నాడు. పొద్దున మా ఇంటికి వెళ్లి, పిల్లలకు ఉడకబెట్టి పెట్టమని అత్తమ్మకు గడ్డలిచ్చాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఆ సంగతి చెప్పి, థీసిస్‌లో ఆ గడ్డల గురించి రాయడానికి ఆధారంగా ఒక్క పుస్తకం చాలన్నాడు.

"ఒక్కటి చాలదు. రెండైనా చూడాలి" అని వెతికాను. ఆ రిపోర్టు దొరికింది. వృక్షశాస్త్ర నిఘంటువు కూడా అదే చెప్పింది.

"నా కండ్లతోటి చూసిన మేడమ్! ఆడ ఊరోళ్లు ఉడకబెట్టుకొని తిన్నరు. నేనూ తిన్న."

"ఉడకబెట్టక ముందు ఏం చేసిండ్రో చూసినవా?"

సమ్మయ్య బయటికి పరుగెత్తాడు. సైకిల్ తీశాడు. "జర గట్టిగ పట్టుకోండ్రి మేడమ్!"

ఇంట్లో గడ్డలు పళ్లెంలో ఆరుతున్నాయి, మీద ఉప్పూ కారం. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. పళ్లెం లాక్కున్నాను.

"గింత ఉరుకుడేందే? సల్లారినంక పెడదామని నేనే ఆపిన" అంది అత్తమ్మ. నేను పారబోస్తుంటే, "గన్ని పుస్తకాలు సదివి గడ్డకు బయపడ్తవా!" అని మూతి తిప్పింది.

తర్వాత సమ్మయ్య మళ్లీ ఆ ఊరు వెళ్లి అడిగాడు. మొదటిసారి అతను చేరేసరికే, కోసిన ముక్కలు ముందురోజు సాయంత్రం నుంచి బుట్టలో ఉండి వాగునీటిలో నానాయట. అతను చూసింది కుండ ఎక్కిన తర్వాతి సంగతే. థీసిస్‌లో ఆ అధ్యాయం తిరిగి రాశాడు.

మన చూపు మనం చేరిన వేళ నుంచే మొదలవుతుంది. అంతకుముందు జరిగింది తెలియాలంటే, మనకంటే ముందు వెళ్లినవాళ్లు రాసిందీ చదవాలి. రిసెర్చ్‌కు వచ్చినవాళ్లకు నేను రెండో పుస్తకం ఇచ్చేది అందుకే.

గడ్డలు పారబోసిన మర్నాడు పొద్దున మాత్రం నాకు వాగు సంగతి తెలియదు. పెద్దది అలిగి అడిగింది: "గడ్డలెందుకు పారబోసినవమ్మా? ఎవరొద్దన్నరు?"

ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాను.

"ఎన్నడో అడవిల తిరిగిన ఒకాయన వద్దన్నడు బిడ్డా. ఆయనెవరో నాకూ తెల్వదు. మీరు పుట్టకముందే రాసిపెట్టి పోయిండు."