చావనివ్వాల్సిన మడి

తెల్లకంకిని లాగడానికి బలం అక్కర్లేదు. రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, సన్నగా కీచుమంటూ చేతికి వచ్చేస్తుంది. కాండం లోపల పురుగు ఎప్పుడో తెగకొరికేసి ఉంటుంది. పైన మాత్రం కంకి నిటారుగా, గింజ లేని గర్వంతో నిలబడి ఉంటుంది. మొన్న రాజంపేట దగ్గర ఒక మడిలో దిగి అలాంటిదొకటి లాగాను. ఆ కీచు వినగానే నాకు గుర్తుకొచ్చింది పురుగు కాదు, ఓబుళమ్మ మేడమ్. ఇది చదివితే ఆమె కోపగించుకోరు. ఉద్యోగమంతా వరిని తినే పురుగులతోనే గడిపిన మనిషి. పై ఆఫీసులో కొందరికంటే అవే నయమని ఒకసారి అన్నారు కూడా.

పత్తిలో బీటీ విత్తనం వచ్చి ఊళ్లన్నీ దాని గురించే మాట్లాడుకుంటున్న రోజులవి. కోయిలకుంట్ల వైపు, కాలువ కింద ఉన్న ఒక చిన్న పరిశోధన క్షేత్రంలో నేను తాత్కాలిక సహాయకుడిగా చేరాను. నియామక పత్రంలో నా పేరు కంటే 'తాత్కాలిక' అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉండేది. మేడమ్ అక్కడ శాస్త్రవేత్త. ఆత్మకూరు దగ్గర రైతుల ఇంటి ఆడబిడ్డ. నూలు చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకొని, తన కాళ్లకు ఒక సైజు పెద్దవైన రబ్బరు బూట్లతో గట్ల మీద నడిచేవారు. చేరిన రోజు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఏమప్పా, పురుగుమందు కొట్టడం వస్తాదా నీకు?"

"వస్తుంది మేడమ్," అన్నాను, ఉద్యోగం ఖాయమైందన్న ధీమాతో.

"అయితే మర్చిపో. ఈడ దాంతో పని ల్యాదు."

పని ఏమిటంటే, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన జన్యువును వరిలో పెట్టారు. కాండం తొలిచే పురుగు ఆ వరిని కొరికితే మేత మానేసి చస్తుందని ప్రయోగశాలలో తేలింది. పొలంలో తేలాలి. అందుకని కంచె లోపల కొన్ని మళ్లలో ఆ కొత్త వరి వేశాం. పక్కన కొన్ని మళ్లలో అదే రకం, జన్యువు లేనిది వేశాం. దేనికీ మందు కొట్టం. రెండోదాన్ని పురుగు తినాలి, అప్పుడే మొదటిది బతికిందన్న మాటకు విలువ. అంటే ఆ పక్క మళ్ల బాధ్యత చావడం. నా ఉద్యోగ జీవితంలో ఇచ్చిన పనిని అంత శ్రద్ధగా చేసినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. అనుమతి ఆ ఒక్క పంటకే ఉండేది. మరుసటి ఏడు ఆరంభంలోనే మేడమ్ పదవీ విరమణ. ఆమె ఇన్నేళ్ల పనికి రుజువంతా ఆ మళ్లలోనే ఉంది.

కంచె అవతలి పొలం మద్దిలేటిది. పొద్దున్నే గట్టు మీద నిలబడి మా మళ్లను చూసి బాధపడటం ఆయనకు అలవాటైంది.

"ఏమమ్మా, ఆ పక్కవి మొవ్వులు ఎండి చస్తాండాయి. మందు కొట్టరా?"

"కొట్టమన్నా. పరీక్ష."

"పరీక్షంట! మా పిల్లోడూ రాసినాడు పరీక్ష. ఎవర్నీ చంపకుండానే తప్పినాడు," అని ఆయన తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయేవాడు. మేడమ్ నవ్వేవారు. అంతకు మించి ఆయనకు వివరించాలని ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు.

పైరు పొట్ట మీద, అంటే కంకి బయటపడే ముందు దశలో ఉండగా ఆత్మకూరులో మేడమ్ తల్లిగారు పోయారు. కర్మ అయ్యేదాకా ఆమె అక్కడే ఉండిపోయారు. ఆ మధ్యలో నేను మొక్కల నమూనాలు తీసుకొని కడపకు వెళ్లొచ్చాను. తిరిగొచ్చి గేటు దగ్గర బస్సు దిగగానే వాసన తగిలింది. మేడమ్ మర్చిపొమ్మన్న పురుగుమందు వాసన. మద్దిలేటి కంచె లోపలి నుంచి వీపున పంపుతో, పుణ్యం చేసిన ముఖంతో బయటికి వస్తున్నాడు.

"వచ్చినావా అప్పా! నీ చచ్చే మళ్లకు ఒక సుట్టు కొట్టేసినా. పాపం, తల్లి పోయి ఆ యమ్మ చేని తట్టు సూసే గతి ల్యాకపాయ. మా పంపే, మా మందే. ఏమీ అనుకోవద్దని చెప్పు."

ఆ కాలువ కింద అదొక కట్టుబాటు. చావు జరిగిన ఇంటి పైరును కర్మ ముగిసేదాకా గట్టు పక్కవాడు చూసుకుంటాడు. నీళ్లు కట్టాలన్నా, మందు కొట్టాలన్నా ముందుగా ఎవరినీ అడగరు, తర్వాత డబ్బు తీసుకోరు. మా క్షేత్రం కావలివాడు కూడా ఆ మర్యాదకే గేటు తీశాడు. ఎమ్మెస్సీలో నాకు పురుగుల గురించి చాలా చెప్పారు కానీ, మంచితనం వల్ల వచ్చే నష్టానికి ఏం చేయాలో చెప్పలేదు. "అట్లనే అన్నా," అన్నాను.

మేడమ్ వచ్చాక చెప్పాను. బూట్లతోనే ఆ మళ్లలో దిగి నాలుగు కాండాలు చీల్చి చూశారు. పురుగులు చచ్చాయి. చావాల్సిన వరి పచ్చగా తేరుకుంటోంది. ఆమె గట్టెక్కి తిన్నగా మద్దిలేటి ఇంటికి నడిచారు. గొడవ తప్పదనుకుంటూ వెనకే వెళ్లాను.

"అన్నా, మా నాయన పోయినప్పుడు మా గట్టు పక్కోళ్లూ ఇట్లే చేసినారు. నువ్వూ తోడబుట్టినోని మాదిరి చేసినావు," అన్నారు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని, ఆ మళ్లు ఎందుకు చావాలో, ఎన్నాళ్లుగానో చెప్పనిదంతా చెప్పారు. వింటున్నకొద్దీ మద్దిలేటి ముఖం పాలిపోయింది.

"నీ కొంప ముంచితినే తల్లీ!"

"నువ్వు ముంచల్యా. నీకు చెప్పకుండా నేనే మునిగినా."

ఆ సాయంత్రం పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నేను ఆ గదిలోనే ఉన్నాను కాబట్టి రెండు వైపులా తెలుసు; అక్కడి పెద్ద సారు మామూలుగా మాట్లాడినా గదంతా వినబడుతుంది. మందు పడకముందు లెక్కలున్నాయి కదా, పంట చివరిదాకా వాటినే సర్దేయమన్నారు. అది కుదరదంటే ఆ రైతు చొరబడి పాడుచేశాడని కేసు పెట్టమన్నారు.

"మొదటిది అబద్ధం సార్," అన్నారు మేడమ్. "రెండోది అంతకంటే పెద్ద అబద్ధం."

ప్రయోగం చెల్లదని, గట్టు పక్క రైతుకు ముందుగా చెప్పకపోవడం తన తప్పేనని ఆమే రాసి పంపారు. నిబంధన ప్రకారం పైరంతా పీకి, ఎండబెట్టి, కాల్చేశాం. పచ్చి వరి అంత తొందరగా ఎండదని ఆ వారం నాకు బాగా తెలిసింది. అదే నెలలో నా పేరు ముందు నుంచి 'తాత్కాలిక' పోతుందేమోనని భయపడ్డాను, ఉద్యోగంతో సహా. పోలేదు. నా తప్పేమీ లేదని కూడా ఆమె రాశారట. నాకు మాత్రం చెప్పలేదు.

మరుసటి ఏడు మళ్లీ అనుమతి వచ్చేసరికి ఆమె రిటైరయ్యారు. అయినా జీతం లేకుండా, ఎర్రబస్సులో గొడుగుతో దిగేవారు. నాట్లకు ముందు చుట్టుపక్కల రైతులందరినీ పిలిచి, టీ ఇచ్చి, మళ్లు చూపించారు. "ఈ పక్కవి చావాల. మా ఇంట్లో ఏం జరిగినా సరే, నేనే పోయినా సరే, సావనీండి."

"సావడానికి నాటేసే మనిషిని ఇప్పుడే సూస్తాండాం," అన్నాడొకాయన. మద్దిలేటి నవ్వలేదు. ఆ పంటంతా ఆయనే కాపలా. ఎండుతున్న వరిని చూడలేక ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకొని నడిచేవాడు కానీ, ఎవరైనా పంపుతో కంచె దగ్గరికొస్తే కేక వేసేవాడు: "ఓయ్, యాడికి పోతాండావు? ఆ వరిని నిమ్మళంగా సావనీరా!"

కోతల ముందు పక్క మళ్లు తెల్లబోయి నిలబడ్డాయి. కొత్త వరి గింజ బరువుకు వంగి ఉంది. మేడమ్ పక్క మడిలో ఒక కంకి పట్టి లాగారు. కీచుమని వచ్చేసింది. కొత్త వరిలో ఒకటి పట్టి లాగారు. ఇంకోసారి లాగారు.

"రాల్యాదప్పా," అన్నారు, రావాల్సిన బస్సు గురించి చెప్పినట్టు. ఆమె సంబరం అంతే. మద్దిలేటి దిగి తానూ లాగి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: "ఒక దోసెడు ఇత్తనం ఇయ్యమ్మా."

"ఇయ్యలేనన్నా. పురుగు సంగతే ఈ మడి చెప్పింది. మనిషి తింటే ఏమైతాదో తేలాల్సింది ఇంకా శానా ఉండాది."

ఆ పంటనూ కాల్చాం. "పాడైన ఏడు కాలిస్తిరి, పండిన ఏడూ కాలిస్తిరి. మీ సదువుకు అగ్గే గతి," అంటూ మద్దిలేటే ముందు అగ్గిపుల్ల గీశాడు. ఆ వరి ఇంతవరకూ బజారుకు రాలేదు. అయినా ఎవరైనా నన్ను నీ ఉద్యోగంలో ఏం సాధించావని అడిగితే, ఓబుళమ్మ మేడమ్ మళ్లలో లెక్కలు రాశానని చెబుతాను. మిగతావి అడిగితేనే చెబుతాను.

ఇప్పుడు నేనూ రైతులకు చూపడానికి ప్రతి పంటలో ఒక చిన్న మడిని మందు లేకుండా వదిలేస్తాను. మా ఇంట్లో ఏం జరిగినా దాన్ని చావనివ్వమని చెప్పడానికి, నారు పోయకముందే గట్టు దాటి పక్క రైతు ఇంటికి వెళ్తాను. రాజంపేటలోనూ ఈ పంటకు ముందు అలాగే వెళ్లాను. చావు కబురనుకున్నాడేమో, సంచీ దించకముందే ఆయన మంచం చూపించి, గొంతు తగ్గించి అడిగాడు: "ఏమప్పా, ఇంట్లో అందరూ బాగుండారు గదా?"

"బాగుండారన్నా," అన్నాను. "అది చెప్పడానికే వచ్చినా."