చెడుగుడు చిన్నాయన

నా చిన్నప్పుడు, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మా ముద్దనూరి ఇంట్లో అందరూ సేద్యం చేసుకుని బతుకుతుంటే మా చిన్నాయన ఒక్కడు చెడుగుడు ఆడి బతికేవాడు. ఏ ఊరి పెద్దమనిషి తిండి పెట్టి పోషిస్తే ఆ ఊరి తరఫున బరిలోకి దిగేవాడు. మొదట పులివెందుల, తర్వాత జమ్మలమడుగు, చివరికి ప్రొద్దుటూరు. అక్కడ ఒక నూనెమిల్లు సావుకారి ఆయనను చేరదీశాడు. మిల్లు వెనక గదిలోనే పడక. గొప్ప ఆటగాడని పేరేమీ రాలేదు గానీ, ఆట లేని రోజున ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ గదిలోనే ఒక కుర్రవాడు ఉండేవాడు. వాడికి పట్లన్నీ నేర్పింది చిన్నాయనే. వాడి ఎడమ జబ్బ కీలు తప్పుతుండేది. ఆ సంగతి బయటికి పొక్కకుండా చిన్నాయనే నూనె రాసి కట్టు కట్టేవాడు. పండగలకు వాడు మా ఇంటికీ వచ్చేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని.

ఒక ఏడు చిన్నాయన మోకాలు వాచి ఇంటికొచ్చి పడ్డాడు. సావుకారి పలకరించనైనా లేదు. తీరా తిరునాళ్ల ముందు ఆటకు రమ్మని ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. అమ్మ మోకాలికి కాపడం పెట్టి, బిగించి కట్టు కట్టి, అది కనబడకుండా పొడుగు లాగు వేయించి పంపింది. నేను ఏడిస్తే నన్నూ బస్సెక్కించుకున్నాడు.

బరి దగ్గర సావుకారి ఆయన భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు.

"జమ్మలమడుగోళ్లకు ఒకడు తక్కువైనాడప్పా. ఈ పొద్దు నువ్వు ఆ పక్క ఆడు. కుంటెద్దు నాకెందుకు?"

చిన్నాయన గీత దాటి అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

చిన్నాయన కూతకు వచ్చినప్పుడు, ప్రొద్దుటూరు పక్క నిలబడ్డ కుర్రవాడు ఆయన మొహం చూడలేదు. మోకాలే చూశాడు. లాగు కింద ఏ మోకాలు చెడిందో, ఒకే గదిలో ఉన్నవాడు గనక, ఆటగాళ్లలో వాడొక్కడికే తెలుసు. రెండు చేతులా అక్కడే పట్టి మెలితిప్పాడు. చిన్నాయన పడిపోయాడు, కూత మాత్రం ఆపలేదు. చెడుగుడు, చెడుగుడు అంటూనే మోచేతుల మీద పాకాడు. జనం ఆ కూతకు తగ్గట్టు చప్పట్లు కొడుతూ నవ్వారు. గీత జానెడు దూరంలో ఉండగా ఊపిరి చాలక కూత తెగింది. సావుకారి తన కండువా తీసి కుర్రవాడి మెడలో వేశాడు.

చిన్నాయనను మోసుకొచ్చి బరి పక్కన పడుకోబెట్టారు. నేను గుప్పెడు మన్ను తీసి కుర్రవాడి మీదికి విసరబోతే చిన్నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వాన్నేమీ అనొద్దు పాపా. చెడ్డకాలు యాడుందో చూసి పట్టుకోమని చెప్పింది నేనే."

తర్వాత వాణ్ణి దగ్గరికి పిలిచాడు. వాడు బెదురుతూ వచ్చి వంగితే తల నిమిరాడు. అంత ప్రేమ ఆయన మొహంలో నేనెన్నడూ చూడలేదు. పక్కనే నిలబడ్డ జమ్మలమడుగు ఆటగాళ్లందరికీ వినబడేలా అన్నాడు:

"శానా బాగా పట్టినావురా నాయనా. నీ ఎడమ జబ్బ మాత్రం భద్రం. కొంచెం గుంజితే ఊడొస్తాది. కట్టు కట్టేకి నేనింక ఉండను గదా."

ఆటగాళ్లు తలలు తిప్పి వాడి జబ్బ వంక చూశారు. వాడి మొహం పాలిపోయింది.

ఆట ఇంకా సగం మిగిలి ఉంది. మళ్లీ వాడు కూతకు వెళ్లగానే ఇద్దరు ఆ చేతికే వేలాడారు. వాడి కేక తిరునాళ్లంతా వినబడింది. చిన్నాయన అటు తిరిగి చూడలేదు. "ఆకలైతాందా పాపా?" అని నన్నడిగాడు.

నలుగురిలో ఎవరైనా ప్రేమగా నాకు జాగ్రత్తలు చెబితే, ఈ వయసులోనూ ఆ మాటల కంటే ముందు పక్కన ఎవరు వింటున్నారో చూస్తాను. ఎక్కడ నొప్పిగా ఉందో నా కన్నపిల్లలకు కూడా చెప్పుకోను.