అంగూర్ల బండికి డీజిల్ ఇంజను

మేం నాచారంలో ఉన్న రోజుల్లో మా వాకిట్లో ఒక పాత పికప్ బండి ఉండేది. మొత్తం మాది కాదు, సగమే మాది. మిగతా సగం ఉప్పల్‌లో అంగూర్ తోట, అంటే ద్రాక్షతోట, ఉన్న ఒకతనిది. అతను నన్ను వదినా అనేవాడు, నేను మరిదీ అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు. మాది కృష్ణా జిల్లా. మా ఆయనకి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేతు మీద ఇనుము చెక్కే టర్నర్ ఉద్యోగం దొరికితే, పెళ్ళయిన కొత్తలో ట్రంకు పెట్టె, పరుపుచుట్ట పట్టుకుని ఇక్కడికొచ్చి పడ్డాం. మరిది పుట్టి పెరిగిందంతా ఉప్పల్‌లోనే.

ఊళ్ళో అన్నం మెతుకు తెలుసుగానీ జొన్నరొట్టె తెలియని నాకు రొట్టె కొట్టడం నేర్పింది మరిది భార్య. పిండి ముద్దని రెండు చేతుల మధ్య తిప్పుతూ, "గట్ల గాదక్కా, జర మెల్లగ. పిండిని కొడ్తున్నవా, మొగుణ్ణి కొడ్తున్నవా?" అని పకపకా నవ్వేది. నాకంటే రెండేళ్ళు చిన్నదేమో. ఆ ఊళ్ళో నాకు చెల్లెలంటే ఆమే.

బండి సైన్యం వాళ్ళు వాడి వదిలేసింది. ఎవరి దగ్గరో మూలపడి ఉంటే మగవాళ్ళిద్దరూ కలిసి కొన్నారు. తోటలో కాయ దిగే కాలంలో మరిది తోటవీ, పక్క తోటలవీ అంగూర్ గంపలు మొజంజాహీ మార్కెట్టుకి వేసేవాళ్ళు. మిగతా రోజుల్లో ఇటుకలో, జొన్న బస్తాలో. మరిది నడిపేవాడు. మరమ్మతు మా ఆయన చూసుకునేవాడు. ఎవరికెంత అని వాళ్ళెప్పుడూ గట్టిగా మాట్లాడుకోగా నేను వినలేదు.

దానికున్న పెట్రోలు ఇంజను బాగానే నడిచేది గానీ, నీళ్ళు తాగినట్టు పెట్రోలు తాగేది. అప్పట్లో చాలామంది పాత బళ్ళకి పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను ఎక్కించుకుంటున్నారు. మనమూ అలా చేద్దామని మా ఆయనే అన్నాడు. మరిది సికింద్రాబాద్‌లో పాత సామాను అమ్మే అంగళ్ళన్నీ తిరిగి, ఒక డీజిల్ ఇంజను పట్టుకొచ్చాడు. ఎద్దుల బండి మీద వచ్చిందది, గోనెపట్టాలు కప్పుకుని.

"అంగట్ల తిప్పిచ్చి సప్పుడు ఇన్న అన్నా, మస్తుగున్నది. బొగ్గు పొయ్యి లెక్క పొగ గూడ గొడ్తలేదు," అన్నాడు మరిది.

మా ఆయన ఇంజను చుట్టూ తిరిగి, వేలితో నూనె తీసి వాసన చూసి, "బాగుంది" అన్నాడు. ఆ మాట నేను విన్నాను.

ఇంజను మార్పిడి ఆదివారాల్లో సాగింది. మూడు లావుపాటి వాసాలు ముక్కాలిలా పాతి, గొలుసు కప్పీ కట్టి, పాత ఇంజనుని పైకి లాగారు. కొత్తది దాని చోట్లో కూర్చోలేదు. వెడల్పులో తేడా, పొడవులో తేడా. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య వేసే ఉక్కు పలక మా ఆయన స్వయంగా చేసుకొచ్చాడు. అంతా బిగించాక గేరు పడలేదు. వేస్తే పళ్ళు నూరుకున్న శబ్దం. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఇద్దరూ బండి కిందకి దూరారు.

"తొక్కు వదినా! ఇడువు! మల్ల తొక్కు!"

క్లచ్ అంటే ఏమిటో అలా తెలిసింది నాకు. పలక వెంట్రుకవాసి పక్కకి కూర్చుందని మా ఆయన కనిపెట్టాడు. మళ్ళీ ఇంజను పైకెత్తి, పలక సరిచేసి, మళ్ళీ దించారు. విసుక్కోలేదు ఎవరూ. చెల్లెలు రొట్టెలూ, పుంటికూర పప్పూ తెచ్చేది. నూనె చేతులు రంపపు పొట్టుతో రుద్దుకుని, అక్కడే ముక్కాలి నీడలో కూర్చుని తినేవాళ్ళు. నా జీవితంలో మంచి ఆదివారాలు ఏవంటే అవే చెబుతాను.

బండి కదిలిన రోజున నలుగురం కలిసి ఘట్‌కేసర్ దాకా వెళ్ళొచ్చాం. ముందు సీట్లో మేమిద్దరం ఆడవాళ్ళం, స్టీరింగ్ దగ్గర మరిది, వెనక సరుకు వేసే ట్రేలో మా ఆయన నిలబడి. ఎక్కడా ఆగలేదు, వేడెక్కలేదు. స్టేషను దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఒక్కటే చిక్కు. ట్యాంకు మూతలో గాలికని ఉన్న సన్న కంతలోంచి డీజిల్ చిమ్మి, ట్రే అంతా వాసన. మా ఆయన పంచె పాడైంది. "అంగూర్‌కు ఈ వాసన బట్టిందంటే మార్కెట్ల ఎవడూ ముట్టడు," అన్నాడు మరిది.

దానికి మా ఆయన ఫ్యాక్టరీలో ఇత్తడి మూత ఒకటి చేశాడు. లోపల రబ్బరు వాషరు, చేత్తో తిప్పితే మెత్తగా బిగుసుకునే మరలు. నగలా ఉండేది. చుక్క కూడా బయటికి రాలేదు. మరిది దాన్ని పదిసార్లు తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు.

ఆ తర్వాత అంగూర్ల కాలం మొదలైంది. మొదటిసారి గంపలు నింపుకుని బయల్దేరిన బండి రామంతాపూర్ దాటి, అంబర్‌పేట దగ్గర ఆగిపోయింది. తోసినా కదల్లేదు. డీజిల్ వచ్చే గొట్టంలో గాలి చొరబడితే ఇంజను ఆగిపోతుందట. మరిది కర్రపుల్లతో ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూసుకుని, పంపు దగ్గర మర వదులు చేసి, నురగంతా పోయేదాకా గాలి తీశాడు. బండి కదిలింది. గాలి చేరిందన్నమాట, ఎక్కడో లీకుంది అనుకున్నారు.

మర్నాడు మళ్ళీ అదే వరస. కాస్త దూరం బాగా పోతుంది, తర్వాత దగ్గుతుంది, ఆగుతుంది. గాలి తీస్తే కదులుతుంది. మళ్ళీ కొంత దూరం, మళ్ళీ ఆగడం. పైపులు మార్చారు. ఫిల్టరు మార్చారు. పంపు విప్పి కడిగారు. ఇంటి దగ్గర ఎంతసేపు వదిలినా బంగారంలా తిరిగేది. దారిలో పడితే మొండికేసేది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు గంటలు ఆగి, గంపల్లో కాయంతా రసం కారింది. తోటల వాళ్ళు మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆ మాటలు పడింది మరిది. అతని ఊరు, అతని తోటి రైతులు.

ఆ ఏడాది ఊళ్ళో కాలం బాగాలేదు. మా ప్రాంతం వాళ్ళకీ ఈ ప్రాంతం వాళ్ళకీ ఉద్యోగాల దగ్గర మొదలైన గొడవ వీధుల్లోకొచ్చింది. బస్సులు ఆగిపోయేవి, కాలేజీలు తెరవలేదు. ఫ్యాక్టరీలో మా ఆయనతో కలిసి తినేవాళ్ళు కొందరు వేరే కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన ఇంటికొచ్చి, తిన్న కంచం ముందే చాలాసేపు కూర్చునేవాడు. మరిది మాత్రం ఆ రోజుల్లో కూడా, మాకు కూరగాయలు దొరకవేమోనని సైకిలు మీద సంచి తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు.

అటువంటి రోజుల్లోనే ఒక సాయంత్రం, బండిని ఎద్దులతో ఉప్పల్ నుంచి మా వాకిట్లోకి లాక్కొచ్చారు. మరిది చొక్కా తడిసిపోయి ఉంది. నేను మంచినీళ్ళిచ్చాను. మా ఆయన బానెట్ ఎత్తి చూస్తూ, అతని వైపు తిరక్కుండానే అన్నాడు:

"ఇంజనే పుచ్చిపోయిందయ్యా. కొనేముందు చూసి కొనక్కర్లేదా?"

"సూసే తెచ్చిన అన్నా. నువ్వు గూడ సూసినవు."

"నువ్వు తెచ్చి పడేశాక నేను చూసేదేముంది? మీవాళ్ళ పనులన్నీ ఇంతే. ఒకటీ సవ్యంగా చేయరు."

మరిది తాగుతున్న గ్లాసు మెల్లగా గట్టు మీద పెట్టాడు. అతనికి కోపం వచ్చుంటే బాగుండేది. రాలేదు.

"అన్నా, ఇంజన్ గురించి ఎంతన్న అను. పడ్త. మావోళ్ల గురించి అనకు."

మా ఆయన ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు, పొరపాటున అన్నాననే మాట ఏదో అంటాడు అని చూస్తూ నిలబడ్డాను. బానెట్‌లోకి వంగే ఉన్నాడు. మరిది నాతో, "పోయొస్త వదినా," అని చెప్పి, నడిచే వెళ్ళిపోయాడు. నాచారం నుంచి ఉప్పల్ దాకా.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఫ్యాక్టరీలో ఎవరి మీదా అనలేని మాట, ఇంట్లో మనిషి మీద అనేశాడు. అది నాకు అర్థమైంది. కానీ అర్థమై ఏం లాభం?

తర్వాత అంగూర్లు మోయడానికి మరిది ఎవరి లారీనో మాట్లాడుకున్నాడు. బండి మా వాకిట్లోనే ఉండిపోయింది. ఎండాకాలం వెళ్ళి, నాలుగు చినుకులు పడ్డాక మా ఆయన దాన్ని మళ్ళీ ముట్టుకున్నాడు. ఒక ఆదివారం, "చర్లపల్లి వైపు తిప్పి చూద్దాం, వస్తావా?" అని నన్నడిగాడు. ఒక్కడే వెళ్ళడం ఇష్టం లేదని తెలిసి ఎక్కాను. చర్లపల్లి దాటకముందే బండి దగ్గి ఆగింది.

ఆయన దిగి, ఎప్పట్లా డీజిల్ చూద్దామని పుల్ల తీసుకున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. చుట్టూ పొలాలు, మనిషి అలికిడి లేదు. ఇత్తడి మూత తిప్పాడు. రాలేదు. రెండు చేతులతో బలంగా తిప్పాడు. మూత వదిలేసరికి లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు, మునిగి పైకి తేలినవాడు ఊపిరి తీసుకున్నట్టు, పొడుగ్గా వినపడింది.

"అదేంటండీ ఆ చప్పుడు?" అన్నాను.

ఆయన మూత చేతిలో పట్టుకుని, రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుండిపోయాడు. దాన్ని తిప్పి లోపలి వాషరు చూస్తూ చెప్పాడు. ట్యాంకులోంచి డీజిల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. పాత మూతకి అందుకే కంత ఉంది. ఈయన చేసిన మూత గాలి కూడా దూరకుండా బిగుసుకుంది. కొంతదూరం పోయాక పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. ఆగిన ప్రతిసారీ గాలి తీయడానికి ముందు పుల్ల పెట్టి చూసేవాళ్ళు కదా, అలా మూత తీయడంతోనే సగం బాగయ్యేది. వాళ్ళేమో పంపు దగ్గర గాలి తీసినందుకు బాగైందనుకున్నారు. రోడ్డు మీది రద్దీలో ఈ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఇంట్లో నడిపి చూసేటప్పుడు ట్యాంకు మూత ఎప్పుడూ తీసే ఉంచేవాళ్ళు.

"ఇంజనులో ఏ దోషమూ లేదు," అన్నాడు. అని తల వంచుకున్నాడు.

మూత వదులుగా పెట్టి నడిపితే చర్లపల్లే కాదు, ఎంత దూరమైనా పోయేలా ఉంది బండి. నేను సంతోషపడబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను. "ఇటునుంచి ఇటే ఉప్పల్ పోదాం," అన్నాను. "ఈ బట్టలతోనా? రేపు పోతాలే," అన్నాడు. రేపు పోలేదు. తర్వాతి ఆదివారం కూడా పోలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, రోజూ అటువైపు చూసి ఊరుకున్నాడు. ఆలస్యమయ్యేకొద్దీ మాట బరువెక్కింది.

చివరికి వానలు ముదిరాక ఇద్దరం వెళ్ళాం. మరిది తోటలో తీగలు కట్టిస్తున్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు, మంచం వాల్చాడు. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళబోయింది గానీ, నేను వెళ్ళలేదు. మా ఆయన ట్యాంకు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. అంతా ఇంజను మాటే చెప్పాడు. ఆ రోజన్న 'మీవాళ్ళ' మాట దగ్గరికి వచ్చి, "నేనారోజు..." అని ఆగిపోయాడు.

మరిది ఆయన్ని ఆ మాట దగ్గర ఇరుకున పెట్టలేదు. "పోనీ తియ్యన్నా. నడుస్తుంది గదా, మంచిదే. ఇంజన్ మంచిదని నాకు ఎర్కనే," అన్నాడు.

"మళ్ళీ ఎప్పట్లా బండి తీసుకో. వచ్చే కాపుకి..."

"లారీవోనికి మాటిచ్చిన అన్నా. ఇప్పుడు కాదంటే మంచిగుండది."

అది నిజమే కావచ్చు. చాయ్ తాగి లేచాం. మరుసటేడు బండిని ఘట్‌కేసర్ వైపు ఇటుక బట్టీ నడిపే ఒకాయనకి అమ్మేశాం. సగం వాటా మరిదికి పంపిస్తే, మారు మాట్లాడకుండా తీసుకున్నాడు. వద్దని తిరగ్గొట్టి, నాలుగు మాటలు అనుంటే ఎంతో బాగుండేదని నాకనిపించింది.

చెల్లెలూ నేనూ తెగిపోలేదు గానీ, పలచబడ్డాం. సంతలో కనిపిస్తే నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. పిల్లలెలా ఉన్నారు, కాయ ఎలా పడింది, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది. ఒకసారి మాత్రం ఆమె నా సంచిలో ఒక గుత్తి అంగూర్లు పెడుతూ, "ఒక్కసారి నీతోటి మనసిప్పి మాట్లాడాల్నని ఉంటదక్కా," అంది. "మరి మాట్లాడవే," అన్నాను. "ఏం మాట్లాడాల్నో మర్శిపోయిన," అని నవ్వి, గుంపులో కలిసిపోయింది.

కొన్నేళ్ళ తర్వాత వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి పిలుపొచ్చింది. మరిదే స్వయంగా వచ్చి, పసుపు అక్షింతలిచ్చి, మా ఆయన కాళ్ళకి దండం పెట్టాడు. వెళ్ళాం. పందిట్లో మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. మరిది తనే విస్తరి వేసి, తనే వడ్డించాడు. "అన్నా, ఇంకొంచెం వేసుకో," అని రెండుసార్లు అడిగాడు. లోపల వంటల దగ్గర నూనె డబ్బాలు మోసేవాళ్ళు, పందిరి గుంజలు సరిచేసేవాళ్ళు, చనువుగా తిట్టుకునేవాళ్ళు, అందరూ అతని మనుషులు. మా ఆయన ఒకటి రెండుసార్లు లేచి అటువైపు వెళ్ళబోయాడు. "నువ్వు కూసో అన్నా, నువ్వెందుకు లేస్తున్నవు," అని మళ్ళీ కూర్చోబెట్టారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "ఎంత మర్యాద చేశాడో చూశావా," అన్నాడు మా ఆయన. అవునన్నాను. ముక్కాలి నీడలో కూర్చుని రొట్టెలు తిన్న రోజుల్లో ఈ మర్యాదలుండేవి కావు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో నాకు ఇంకా వినబడుతూనే ఉంటుంది.