డ్రైవరు లేని ఆటో

మా పాప రంగుల పెట్టె తెరిచింది. ఆ మైనం వాసనకు కౌన్సెలింగ్ మేడం గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నగరి దగ్గర నాయన నడుపుతున్న ఆటో బోల్తాపడి, అందులో నా పక్కనే కూర్చున్న తమ్ముడు చనిపోయాడు. నేను మాట్లాడటం మానేశాను. అమ్మ తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

“ఏందైనా గీయి పాపా,” అంటూ మేడం రంగులిచ్చి నవ్వింది. ముందురోజు బిస్కెట్ ఇచ్చి ప్రశ్నలేసిన కానిస్టేబులూ అట్లాగే నవ్వాడు. ఈమె చీర కట్టుకున్న పోలీసే అనుకున్నాను.

ఆటో గీశాను. డ్రైవరు సీటు ఖాళీగా వదిలాను. నాయనను పట్టిస్తానా?

ఆమె చాలాసేపు చూసింది. డ్రైవరు ఏడని అడుగుతుందని పళ్లు బిగించాను.

“దీంట్లో నువ్వు యాడుండావు పాపా?” అంది.

ఇదో కొత్త ఎత్తనుకుని బొమ్మకు చెయ్యి అడ్డం పెట్టాను.

ఆ ఆటోలో నన్ను కూడా గీసుకోలేదని ఇన్నేళ్లకు తట్టింది. ఆమె వెతికింది నన్నే.