పాలు పోసినాకే టోపీ

మా అన్న ఫట్‌ఫటీ కొన్నాడని మా ఛత్రినాక బస్తీ అంతా గొప్పగా చెప్పుకుంది. ఇంట్లో మేం మాత్రం దాన్ని తిట్టుకోని పూట లేదు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న మోటారు సైకిల్ అది. దాని చప్పుడుకు మా బర్రెలు బెదిరిపోయి పాలు చేపేవి కావు. వీధి చివరి దాకా తోసుకుపోయి అక్కడ స్టార్ట్ చేసుకొమ్మని బాపు హుకుం జారీ చేశాడు. నేనప్పుడు చిన్నపిల్లను. వెనక నుంచి బండి తోయడం నా వంతు.

పల్టన్‌లో పనిచేసి వచ్చిన ఒక మెకానిక్ జహనుమాలో ఉండేవాడు. బండి అమ్మిందీ, నేర్పిందీ ఆయనే. నడపడం అన్నకు ఒక్క పూటలో వచ్చేసింది. ఆపడమే రాలేదు. మైదానంలో గుండ్రంగా తిరుగుతూ "భాయ్, ఎట్ల ఆపాలె?" అని అరిస్తే, ఆయన బీడీ తీయకుండానే "పెట్రోల్ ఖతమ్ అయితే అదే ఆగుతది, ఫికర్ చెయ్యకు" అన్నాడట. చివరికి అన్న ఒక గడ్డివాములోకి పోయి ఆగాడు. ఆ కథ చెప్పి చెప్పి మమ్మల్ని నవ్వించేవాడు.

ఆ రోజే మెకానిక్ తన పాత సామానంతా అన్నకు ఇచ్చేశాడు. చెవుల మీదికి దిగే తోలు టోపీ, దాని లోపల దళసరిగా దూది మెత్త, కళ్లకు గాగుల్స్, చేతులకు తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు. "బండి ఖరాబ్ అయితే ఇంటికి నడిచిపోవచ్చు మియా. తలకాయ ఖరాబ్ అయితే ఎట్ల పోతవ్?" అన్నాడట.

అన్న అవన్నీ వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ అప్పుడే పాలు పితికి లేచింది. మా ఇంట్లో చెప్పులేసుకుని పాల దగ్గరికి పోయే ఆచారం లేదు. పాలంటే లక్ష్మి, తోలు తగిలితే విరుగుతాయని అమ్మ నమ్మకం.

"నెత్తి మీద తోలు పెట్టుకొని పాలు తీస్కపోతవార?"

"బోనాలకు కొట్టే డప్పు తోలు కాదానే అమ్మా?"

"డప్పును నెత్తిన పెట్టుకుంటరా? తియ్యి ముందుగాల."

మూడు రోజుల లొల్లి తర్వాత అన్నే ఒక దారి కనిపెట్టాడు. క్యాన్లలో పాలున్నంతసేపు తోలు ఒంటి మీద ఉండదు. హుస్సేనీ ఆలం హోటళ్లలో పాలు పోసేసి, క్యాన్లు కడిగాక, తిరుగు దారిలో అన్నీ వేసుకుంటాడు. అమ్మ ఒప్పుకుంది. అలా పోయేటప్పుడు మా అన్న తలకు తెల్ల రుమాలు చుట్టుకుని, ఉత్త కాళ్లతో, రెండు పక్కలా నిండు క్యాన్లతో పోయేవాడు. టోపీ, బూట్లు హ్యాండిల్‌కు వేలాడేవి. హ్యాండిల్‌కు వేలాడితే దోషం లేదు, నెత్తి మీదుంటే ఉంది. సీటు కూడా తోలుదేనని ఎవరో చెబితే అమ్మ దాని మీద పాత బొంత కప్పింది. ఈ తెలివికి మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు. బాపుకు మాత్రం అన్నను ఆటపట్టించడానికి ఒక మాట దొరికింది.

"పోయేటప్పుడు సన్నాసి, వచ్చేటప్పుడు సిపాయి" అనేవాడు.

సైలెన్సర్ తగిలి అన్న కాలు బొబ్బలెక్కితే అమ్మ వెన్న రాసింది. బరువుతో పోయేటప్పుడే కదా బండి మాట వినదు, అప్పుడే కదా బూట్లు ఉండాల్సింది అని ఎవరికీ తట్టలేదు. ఖాళీ క్యాన్లతో వచ్చేటప్పుడు మాత్రం అన్న ఒళ్లంతా భద్రం.

రోజూ గడపలో ఇద్దరూ ఒకరికొకరు ఒకటే జాగ్రత్త చెప్పుకునేవాళ్లు. అమ్మ "పైలం కొడుకా" అనేది. "నువ్వే పైలం, బర్రె తన్నుతది" అని అన్న అనేవాడు. ఆ జవాబు వింటే గానీ అమ్మ లోపలికి పోయేది కాదు.

ముసురు పట్టిన ఒక పొద్దున, హుస్సేనీ ఆలం దగ్గర దిగుడులో టాంగా ఒకటి అడ్డం వచ్చింది. అన్న బ్రేకు వేశాడు. క్యాన్లలో పాలు ఊగి బండిని ఒక పక్కకు లాగాయి. తడిసిన బండల మీద ఉత్త కాలు ఆనలేదు. తల పోయి దుకాణం మెట్టుకు తగిలింది.

మెకానిక్ బండిని తోసుకుంటూ తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. ముందు చక్రం వంకర పోయింది. హ్యాండిల్‌కు టోపీ అలాగే వేలాడుతోంది. దాని మీద చిన్న గీత కూడా లేదు. ఆయన దాన్ని విప్పి అమ్మ ముందు పెట్టి పోయాడు. ఆయన నాలుగు తిట్టి పోయుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అన్న బతికాడు. రెండు చెవులూ వినపడకుండా పోయాయి. టోపీ ఉండి ఉంటే ఇంత కాకపోయేదేమో అన్నాడు డాక్టరు. కాకపోయేదని గట్టిగా చెప్పినా, ఎట్లయినా అయ్యేదేనని చెప్పినా ఏడ్చి ఊరుకునేవాళ్లం. ఆ 'ఏమో'తో ఏం చేయాలో మాకు తెలియలేదు. బాపు ఆ తర్వాత సన్నాసి అనే మాటే నోట తేలేదు.

బండి అమ్మేశారు. అన్న మళ్లీ పాలు పోయడానికి బయల్దేరాడు, ఈసారి కాలినడకన, భుజాన కావడితో. మొదటి రోజు అమ్మ లోపలి నుంచి ఆ టోపీ తెచ్చింది. నిండు క్యాన్ల పక్కనే అన్నను కూర్చోబెట్టి, నెత్తిన పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది.

"నడిచిపోయేటోనికి టోపీ ఎందుకే అమ్మా? పాలున్నయ్ కదా" అన్నాను.

"ఇరిగితే ఇరుగనియ్యి" అంది అమ్మ.

తర్వాత గడపలో నిలబడి "పైలం కొడుకా" అంది. అన్న అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు. అమ్మ జవాబు కోసం చాలాసేపు అక్కడే నిలబడింది.

ఎండాకాలంలో కూడా అన్న ఆ టోపీ తీయలేదు. వీధిలో పిల్లలు నవ్వేవాళ్లు. వాళ్లను తరిమి కొట్టడం నా పని. అమ్మ రోజూ పొద్దున తన చేత్తోనే టోపీ పెట్టి పంపేది. తిరిగి రాగానే, హోటలు వాళ్లు ఏమైనా అన్నారా, పాలు ఎట్లున్నాయని సైగలతో అడిగేది. మంచిగున్నయని అన్న తల ఊపేవాడు.

పాలు ఒక్కనాడు కూడా విరగలేదు. అమ్మను బతికినన్నాళ్లూ ఏడిపించింది అదే.